పిడుగు ముందు ఇచ్ఛాపురంలోనా, బరంపురంలోనా?

బరంపురం బజారులో కొత్తగా అడుగుపెట్టిన తెలుగువాళ్లను తికమకపెట్టే ఒడియా మాటల్లో 'కాలి' ఒకటి. 'కాలి ఆస' అంటే రేపు రా అని. 'కాలి ఆసిథిలి' అంటే నిన్న వచ్చానని. మాట ఒకటే. ఇవాళ కాదు, ఇవాళ్టికి ఒక రోజు ఎడం అని మాత్రం అది చెబుతుంది. ఆ ఎడం వెనక్కో ముందుకో తేల్చే పని క్రియది. నిన్నకు ఒక మాట, రేపటికి ఒక మాట ఉన్న తెలుగువాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. జరిగినవి ఏ రెండైనా సరే, ఒకటి ముందు, ఒకటి వెనక అయి తీరాలి. లేదంటే రెండూ ఒక్కసారే జరిగి ఉండాలి అన్నది మన గట్టి నమ్మకం. 1905 దాకా భౌతికశాస్త్రానిదీ అదే నమ్మకం. ఆ ఏడు ఐన్‌స్టైన్ రాసిన వ్యాసంతో దానికి గండిపడింది. గండి ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అన్నదే ఇక్కడ విషయం. ఎందుకంటే ఆ వ్యాసం తెచ్చిన సాపేక్షత సిద్ధాంతం గురించి చెవినపడే మాటల్లో చాలా భాగం, గట్టు గట్టంతా కొట్టుకుపోయిందన్నట్టే ఉంటాయి.

పేర్ల తేడా వేరు, వరుస తేడా వేరు

కాలం విషయంలో ఇద్దరు రెండు రకాలుగా చెప్పడం సరిహద్దు జిల్లాల వాళ్లకు కొత్త కాదు. కుమార పున్నమి వెళ్లి తెల్లవారితే గంజాం, గజపతి జిల్లాల ఒడియా ఇళ్లలో కార్తికం మొదలైపోతుంది. పక్కింటి తెలుగువాళ్లకు అప్పటికింకా ఆశ్వయుజ బహుళ పాడ్యమే. వాళ్ల కార్తికం రావాలంటే దీపావళి వెళ్లాలి. కార్తిక పున్నమి నాటికి ఒడియావాళ్ల నెల ముగిసిపోతుంది, తెలుగువాళ్ల నెల సగానికి వస్తుంది. ఒకరిది పున్నమితో ముగిసే నెల, ఇంకొకరిది అమావాస్యతో ముగిసే నెల. పైనున్న చంద్రుడు మాత్రం ఒక్కడే.

గడియారాల సంగతీ అంతే. గంజాం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. భారత ప్రామాణిక సమయం 1906 జనవరి 1న వచ్చేదాకా రైళ్లు నడిచింది మద్రాసు సమయం మీద. కలకత్తా సమయం దానికంటే 32 నిమిషాలు ముందుండేది. బరంపురం నడినెత్తి సూర్యుణ్ణి బట్టి చూస్తే ఆ ఊరి సొంత సమయం మద్రాసు కంటే సుమారు 18 నిమిషాలు ముందు. ఇప్పుడు దేశమంతటికీ ఒకే సమయాన్ని ఇస్తున్న 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కోరాపుట్ జిల్లాలో జయపురానికి కాస్త పడమరగా పోతుంది. అక్కడ గడియారంలో పన్నెండు కొట్టే వేళకు బరంపురంలో సూర్యుడు నడినెత్తి దాటి తొమ్మిది నిమిషాలు అయిపోయి ఉంటుంది. (ఏడాది పొడవునా సూర్యుడి నడకలో వచ్చే హెచ్చుతగ్గులను పక్కనపెడితేనే ఈ లెక్క.)

ఇవన్నీ పేర్ల తేడాలు. కూడితేనో తీసేస్తేనో సరిపోతాయి. దీపావళి ముందా, కార్తిక పున్నమి ముందా అని ఒడియా పంచాంగానికీ తెలుగు పంచాంగానికీ ఎన్నడూ తగాదా రాలేదు. సాపేక్షతను 'ఎవరి గడియారం వాళ్లది' అనే ఒక్క ముక్కలో చెప్పేసేవాళ్లు దాన్ని ఈ పంచాంగాల కోవలో పడేస్తారు. అది పొరపాటు. ఐన్‌స్టైన్ చెప్పిన తేడా పేర్లది కాదు, ఏది ముందు ఏది వెనక అన్న వరుసది. కాకపోతే అన్ని వరుసలదీ కాదు, కొన్నింటిదే. ఆ 'కొన్ని' ఏవో కంటికి చూపించే బొమ్మే దేశకాల పటం. (దేశం అంటే ఇక్కడ చోటు.)

రైల్వే చార్టును నిలబెడితే

ఈ పటం చూసి బెదిరిపోయేవాళ్లు ఎక్కువ. నిజానికి దాని అన్నదమ్ము రైల్వే కంట్రోలు ఆఫీసులో ఎప్పటినుంచో ఉంది. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే లైను తీసుకుందాం. 1900లో పర్లాకిమిడి దాకా చిన్న బండిగా మొదలై, 1931 నాటికి గుణుపూర్ చేరి, ఈ శతాబ్దంలో పెద్ద పట్టాలకు మారిన లైను అది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పాతపట్నం దాటి ఒడిశాలో పర్లాకిమిడి చేరుతుంది. ఒంటి లైను. ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లు ఏదో ఒక స్టేషన్లోనే తప్పుకోవాలి. ఎక్కడ తప్పుకోవాలో తేల్చడానికి కంట్రోలర్ గళ్ల చార్టు మీద గీతలు గీస్తాడు. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్ల పేర్లు, దూరాల కొలత ప్రకారం. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. ఆగిన బండి గీత అడ్డంగా సాగుతుంది, వేగంగా పోయే బండి గీత నిటారుగా లేస్తుంది. ఎక్కే బండి గీత, దిగే బండి గీత ఒకదాన్నొకటి కోసుకున్న చోట క్రాసింగ్. ఇప్పుడా గీతలు కంప్యూటర్ తెర మీదికి మారాయి గాని పద్ధతి అదే.

అందులో ఒక చుక్క పెడితే అది ఒక చోటూ ఒక సమయమూ కలిసిన చుక్క. పర్లాకిమిడి స్టేషన్, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. దాన్నే భౌతికశాస్త్రం ఘటన అంటుంది. పూజలో సంకల్పం చెప్పించే పురోహితుడు జంబూద్వీపం, భరతఖండం అని చోటు పలికి, సంవత్సరం, ఋతువు, మాసం, తిథి అని సమయం పలికితేగాని పని మొదలుకాదు. అదీ ఘటనకు చిరునామా రాయడమే. అంతమాత్రాన పూర్వులకు సాపేక్షత తెలుసని వాదించడం మాత్రం తగదు. చిరునామా రాయడం వేరు. వేర్వేరు వేగాలతో పోతున్న ఇద్దరు ఒకే ఘటనకు రాసుకున్న రెండు చిరునామాలను కలిపే లెక్క కట్టడం వేరు. రెండోది 1905 పని.

ఐన్‌స్టైన్ తన వ్యాసంలో పటాలేమీ గీయలేదు. సమీకరణాలతోనే నడిపించాడు. 1908 సెప్టెంబరు 21న కొలోన్ నగరంలో గణితవేత్త హెర్మన్ మింకోవ్‌స్కీ ఇచ్చిన ఉపన్యాసంతో దేశం, కాలం విడివిడిగా కాక ఒకే తెరగా గీయడం మొదలైంది. నాలుగు నెలలు తిరగకుండానే ఆయన పోయాడు. ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీల మూల వ్యాసాలను మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఇంగ్లిషులోకి తేగా కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో అచ్చువేసింది.

మింకోవ్‌స్కీ పటానికీ కంట్రోలు చార్టుకూ పైకి కనిపించే తేడాలు రెండే. మొదటిది, కాలం అడ్డంగా కాక నిలువుగా పైకి సాగుతుంది. కదలకుండా ఉన్నవాడి గీత నిట్టనిలువుగా ఉంటుంది, కదిలేవాడి గీత పక్కకు వాలుతుంది. రెండోది కొలత. నిలువున ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షల వంతు, ఎంత పొడవుంటే అడ్డంగా 300 మీటర్లు అంతే పొడవు. కాంతి మైక్రోసెకనుకు దాదాపు 300 మీటర్లు పోతుంది కాబట్టి కాంతి గీత సరిగ్గా 45 డిగ్రీల వాలులో పడుతుంది. ఈ కొలతతో గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్‌ను గీయబోతే తమాషా తెలుస్తుంది. కిలోమీటరు పొడవున్న కాగితం మీద గీసినా రైలు గీత నిలువు నుంచి పక్కకు జరిగేది మిల్లీమీటరులో పదో వంతు. రోజువారీ బతుకులో సాపేక్షత ఎందుకు తగలదో చెప్పడానికి ఇంతకు మించిన బొమ్మ అక్కర్లేదు.

'ఇప్పుడు' అనే గీత

ఇచ్ఛాపురం ఆంధ్రలో, బరంపురం ఒడిశాలో. సూటిగా కొలిస్తే మధ్య దూరం రమారమి 24 కిలోమీటర్లు. కాంతికి 80 మైక్రోసెకన్ల దారి. రెండు ఊళ్లలోనూ ఒక్కసారే పిడుగు పడిందనుకుందాం.

ఇక్కడ ముందుగా తుడిచేయాల్సిన అపోహ ఒకటుంది. ఉరుము ఆలస్యంగా వినిపిస్తుంది, కాబట్టి దూరంగా ఉన్నవాడికి పిడుగు ఆలస్యంగా పడినట్టు అనిపిస్తుంది, సాపేక్షత అంటే ఇలాంటిదే అని చెప్పేవాళ్లున్నారు. కాదు. కబురు ఎప్పుడు చేరిందన్నది ఒక సంగతి, ఘటన ఎప్పుడు జరిగిందన్నది ఇంకో సంగతి. సావు కబురు మూడు రోజులకు అందితే ఆ మనిషి ఇవాళే పోయాడనుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రయాణానికి పట్టిన రోజులు తీసేసి లెక్క కడతారు. సాపేక్షత చెప్పేది ఆ తీసివేతలన్నీ సక్రమంగా చేశాక కూడా మిగిలిపోయే తేడా గురించి.

దూరంగా ఉన్న రెండు గడియారాలు ఒకే సమయం చూపిస్తున్నాయని ఎలా తేల్చాలి? ఐన్‌స్టైన్ పెట్టిన పద్ధతి ఇది: సరిగ్గా నడిమధ్య నుంచి రెండు వైపులకూ ఒక వెలుగు వదలాలి. రెండు కొసలకూ వెలుగు చేరిన క్షణాలు 'ఒకే సమయం'. దూరం సమానం, కాంతి వేగం సమానం. ఇందులో వంక పెట్టడానికేం లేదు. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ నడుమ 12వ కిలోమీటరు దగ్గర దీపం పెట్టి రెండు ఊళ్ల గడియారాలనూ ఇలా కలపవచ్చు. పటంలో ఆ రెండు చుక్కలనూ కలిపితే అడ్డగీత వస్తుంది. భూమ్మీద నిలబడినవాళ్ల 'ఇప్పుడు' ఆ గీత.

ఇదే పద్ధతిని ఇచ్ఛాపురం నుంచి బరంపురం వైపు, ఉత్తరంగా, కాంతి వేగంలో 0.6 వంతుతో దూసుకుపోతున్న ఒక ఊహల రైలులో వాడాలి. పెట్టెల నడిమధ్య నుంచి వెలుగు వదిలారు. ఇంజనూ గార్డు పెట్టే రైల్లో ఉన్నవాళ్లకు సమాన దూరం. కాంతి వేగం వాళ్లకూ అదే. సాపేక్షతకు ఆయువుపట్టు ఈ ఒక్క మాటే. కాబట్టి రెండు కొసలకూ వెలుగు ఒకేసారి చేరిందంటారు, అందులో తప్పు లేదు. గట్టున నిలబడి చూసేవాడికి గార్డు పెట్టె వెలుగుకు ఎదురొస్తోంది, ఇంజను వెలుగు నుంచి పారిపోతోంది. అందుకని గార్డు పెట్టెను వెలుగు ముందు తాకింది, ఇంజనును తరువాత తాకింది. పటంలో చూస్తే గార్డు పెట్టె చుక్క కింద పడుతుంది, ఇంజను చుక్క పైన పడుతుంది. ఆ రెండు చుక్కలనూ కలిపే గీత రైలు పోయే వైపుకు పైకి వాలి ఉంటుంది. రైలులో ఉన్నవాళ్ల 'ఇప్పుడు' ఆ వాలుగీత.

చుక్కల విషయంలో ఇద్దరికీ తగాదా లేదు. వెలుగు గార్డు పెట్టెను తాకిందనీ ఇంజనును తాకిందనీ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు 'అదే సమయం' అనే గీత గీసే తీరులోనే తేడా. రైలు వేగం పెరిగేకొద్దీ దాని గీత నిలువు నుంచి ఎంత వాలుతుందో, దాని 'ఇప్పుడు' గీత అడ్డం నుంచి అంతే పైకి లేస్తుంది. రెండూ కత్తెర మూసుకున్నట్టు 45 డిగ్రీల కాంతి గీత వైపు దగ్గరవుతాయి. ఎంత దగ్గరైనా దాన్ని తాకవు.

పిడుగుల దగ్గరికి వస్తే, ఇచ్ఛాపురం పిడుగు చుక్క మీదుగా రైలు వాళ్ల 'ఇప్పుడు' గీత గీస్తే అది బరంపురం దగ్గరికి వెళ్లేసరికి పైకి లేచి ఉంటుంది. బరంపురం పిడుగు చుక్క ఆ గీతకు కింద పడిపోతుంది. కింద అంటే గతం. కాబట్టి ఉత్తరంగా పోయేవాళ్లకు బరంపురం పిడుగే ముందు. లెక్క కడితే 60 మైక్రోసెకన్లు ముందు. అదే వేగంతో దక్షిణంగా పోయేవాళ్లకు ఇచ్ఛాపురం పిడుగు 60 మైక్రోసెకన్లు ముందు. గట్టున ఉన్నవాళ్లకు రెండూ ఒక్కసారే. ముగ్గురి గడియారాలూ మంచివే.

నిజం రైళ్లలో ఈ తేడా ఎంత? గంటకు 108 కిలోమీటర్ల బండిలో అదే రెండు పిడుగుల మధ్య తేడా 8 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. ఆ వ్యవధిలో కాంతి పోయేది రెండున్నర మిల్లీమీటర్ల లోపే. తేడా ఉంది గాని, పిడుగుల మీద పందెం కాసేవాడికి కూడా పనికిరాదు.

పటంలో స్కేలు పనిచేయదు

పాఠకులు ఎక్కువగా బోల్తాపడే చోటు ఇది. వాలుగీత కాగితం మీద అడ్డగీత కంటే పొడుగ్గా ఉంది కదా, కాబట్టి దూరమూ అంతే ఎక్కువ అని స్కేలు పెట్టి కొలిచేస్తారు. రైలు వాళ్ల లెక్కలో ఆ రెండు పిడుగుల మధ్య దూరం 30 కిలోమీటర్లు. కదిలేవి పోయే దిక్కున కురచబడతాయని సాపేక్షతే చెబుతుంది కదా, 24 కాస్తా తగ్గాలి గాని పెరగడమేమిటి అని వెంటనే ఇంకో సందేహం వస్తుంది. నిజమే, రైలు వాళ్లకు రెండు ఊళ్ల మధ్య దూరం 19.2 కిలోమీటర్లకు కురచబడింది. కాని వాళ్ల లెక్కలో రెండు పిడుగులూ ఒకేసారి పడలేదు. బరంపురంలో పడ్డాక ఇచ్ఛాపురంలో పడేలోపు గడిచిన 60 మైక్రోసెకన్లలో ఊళ్లు రెండూ 10.8 కిలోమీటర్లు వెనక్కి జరిగిపోయాయి. 19.2కు 10.8 కలిపితే 30. ఊళ్ల మధ్య దూరం వేరు, ఘటనల మధ్య దూరం వేరు.

ఇప్పుడు 30ని 30తో గుణిస్తే 900. 60 మైక్రోసెకన్లలో కాంతి పోయే దూరం 18 కిలోమీటర్లు. 18 వర్గం 324. తొమ్మిది వందల్లోంచి 324 తీసేస్తే 576. అది 24 వర్గం. గట్టున ఉన్నవాడికి కాల వ్యవధి సున్నా, దూరం 24. అతని లెక్కా 576 దగ్గరే తేలుతుంది. దక్షిణంగా పోయేవాడిదీ అంతే. దూరం మారింది, వ్యవధి మారింది, వరుస తిరగబడింది, ఈ తీసివేత మాత్రం చెక్కుచెదరలేదు. బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్కలో కూడిక ఉంటుంది. దేశకాల పటంలో దాని చోట తీసివేత వచ్చి కూర్చుంది. కాగితం మీది స్కేలుకు తెలిసింది కూడికే, అందుకే అది ఇక్కడ అబద్ధం చెబుతుంది.

తిరగబడే వరుస, తిరగబడని వరుస

బరంపురం పిడుగు ఇచ్ఛాపురం పిడుగు తరువాత 48 మైక్రోసెకన్లకు పడిందనుకోండి, గట్టు గడియారాల ప్రకారం. ఉత్తరంగా 0.6 వేగంతో పోయేవాళ్లకు రెండూ ఒక్కసారే. 0.8 వేగంతో పోయేవాళ్లకు బరంపురం పిడుగు దాదాపు 27 మైక్రోసెకన్లు ముందు. వరుస తిరగబడింది.

48 బదులు 100 మైక్రోసెకన్లు అనుకుంటే కథ మారిపోతుంది. 0.6 వేగంతో ఉత్తరంగా పోయేవాళ్లకు ఆ ఎడం 65 మైక్రోసెకన్లు, దక్షిణంగా పోయేవాళ్లకు 185. సరిగ్గా 0.8 వేగంతో ఇచ్ఛాపురం పిడుగు దగ్గర బయల్దేరి బరంపురం పిడుగు దగ్గరికి చేరుకున్నవాడి చేతి గడియారంలో 60. ఇంతకంటే తక్కువ ఎవరికీ రాదు. ఎంత వేగంగా ఏ దిక్కుకు పోయినా సున్నా కాదు, తిరగబడదు. ఇచ్ఛాపురం ముందు, బరంపురం వెనక. గట్టునున్నా రైల్లో ఉన్నా అందరిదీ ఇదే మాట.

గీటురాయి 80 మైక్రోసెకన్లు. ఒక ఘటన దగ్గర బయల్దేరిన వెలుగు రెండో ఘటన జరిగే వేళకు అక్కడికి చేరగలిగితే వాటి వరుస శాశ్వతం. చేరలేకపోతే వాటికి వరుస లేదు. ఇచ్ఛాపురంలో ఒక క్షణం తీసుకుంటే, బరంపురంలో దానికి 80 మైక్రోసెకన్ల ముందు నుంచి 80 మైక్రోసెకన్ల తరువాత దాకా, మొత్తం 160 మైక్రోసెకన్ల కిటికీ ఒకటుంటుంది. ఆ కిటికీలో ఏది జరిగినా ఇచ్ఛాపురం క్షణానికి ముందో వెనకో ఎవరూ ఖాయంగా నిలబెట్టలేరు. 'కాలి' అన్న మాటకు క్రియ తోడొస్తే దిక్కు తేలుతుంది. ఈ కిటికీలోని ఘటనలకు అలాంటి క్రియ ప్రకృతిలోనే లేదు.

ఇది అరాచకం కాదు. అవతలి స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే లైను ఖాళీగా ఉంది బండి పంపవచ్చన్న అనుమతి, అందకుండా స్టేషన్ మాస్టర్ బండి వదలడు. లైన్ క్లియర్ ఇవ్వడం ఒక ఘటన, ఇక్కడ బండి కదలడం ఇంకో ఘటన. మొదటిది రెండోదానికి కారణం. కబురు తీగ వెంట వచ్చింది, కాంతి కంటే వేగంగా రాలేదు. కాబట్టి ఏ లోకంలోంచి ఎవడు ఏ వేగంతో పోతూ చూసినా బండి ముందు కదిలి, లైన్ క్లియర్ తరువాత ఇచ్చినట్టు కనిపించదు. కారణానికీ ఫలితానికీ ఉన్న వరుస మీద సాపేక్షత చెయ్యి వేయలేదు. తిరగబడేవల్లా ఒకదానికొకటి ఏ రకంగానూ కబురు అందించుకోలేని ఘటనలే. కాంతిని మించిన కబురే ఉంటే ఈ కట్టుబాటు తెగిపోతుంది: ఇచ్ఛాపురం నుంచి 48 మైక్రోసెకన్లలో బరంపురం చేరే తంతి, 0.8 వేగంతో పోయేవాడి లెక్కలో, పంపకముందే చేరినట్టు. అతని దగ్గరా అలాంటి తంతి యంత్రమే ఉంటే జవాబు ప్రశ్న కంటే ముందు ఇచ్ఛాపురం చేరేలా చేయొచ్చు. కాంతిని మించిన కబురు ఎందుకు కుదరదో ఐన్‌స్టైన్ 1907లో చెప్పింది ఈ దారిలోనే.

తెలుగులో వరుస అన్న మాటకు రెండు అర్థాలున్నాయి: ఒకటి క్రమం, రెండోది చుట్టరికం. దేశకాల వరుసను అర్థం చేసుకోవడానికి రెండో అర్థమే మేలు. క్యూలో నిలబడ్డవాళ్లలో ఏ ఇద్దరిని తీసుకున్నా ఒకరు ముందు, ఒకరు వెనక. వంశవృక్షంలో అలా కాదు. తాత, తండ్రి, కొడుకు అన్న వరుస ఎవరు చెప్పినా మారదు. కాని ఒకడికీ వాడి పెదనాన్న కొడుక్కీ మధ్య ఎవరు ఎవరి సంతానమన్న ప్రశ్నకే చోటు లేదు. పర్లాకిమిడిలో ఉన్న ఒక మేనమామ తన మేనల్లుడి కంటే వయసులో చిన్నవాడు కావచ్చు; అలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. న్యూటన్ కాలం క్యూ లాంటిది. మింకోవ్‌స్కీ పటం వంశవృక్షం లాంటిది.

ఈ పోలిక ఒక చిక్కును కూడా విడదీస్తుంది. ఇచ్ఛాపురంలో సున్నా దగ్గర పిడుగు పడింది. అదే ఊళ్లో అదే చోట 100 మైక్రోసెకన్లకు దీపం ఆరింది. బరంపురంలో 50 మైక్రోసెకన్ల దగ్గర ఇంకో పిడుగు. బరంపురం పిడుగుకూ ఇచ్ఛాపురం పిడుగుకూ వరుస లేదు, ఎడం 80 దాటలేదు కాబట్టి. బరంపురం పిడుగుకూ దీపం ఆరడానికీ వరుస లేదు. అలాగని ఇచ్ఛాపురం పిడుగుకూ దీపానికీ వరుస లేకుండా పోదు. పిడుగు ముందు, దీపం వెనక, ఎవరికైనా. 'ఒకటి రెండోదానితో సమం, రెండోది మూడోదానితో సమం, కాబట్టి ఒకటి మూడోదానితో సమం' అన్న వాదన ఇక్కడ చెల్లదు. తండ్రీకొడుకులు ఇద్దరితోనూ పెదనాన్న కూతురిది పైకీ కిందికీ కాని పక్క చుట్టరికమే. అంతమాత్రాన తండ్రి తండ్రి కాకుండా పోడు. కేంబ్రిడ్జికి చెందిన ఆల్ఫ్రెడ్ రాబ్ 1914లో ఈ ఆలోచనను కొసదాకా తీసుకెళ్లాడు. ముందు, వెనక అన్న ఒక్క సంబంధాన్ని పునాదిగా పెట్టుకుని దాని మీద దేశకాల జ్యామితి మొత్తం కట్టవచ్చని చూపాడు. దూరాలూ వ్యవధులూ తరువాత పుట్టుకొస్తాయి, వరుసే ముందు. ఐన్‌స్టైన్ పేరు మోగినంతగా రాబ్ పేరు మోగకపోవడం న్యాయమే కావచ్చు గాని, ఈ విషయంలో ఆయన చూపు ఎక్కువ సూటిగా ఉంది.

గోపాలపూర్ ఒడ్డున ఇద్దరు

దూరం పెరిగితే కిటికీ పెరుగుతుంది. మూడు మీటర్ల అవతల ఉన్న పక్క గదికి ఆ కిటికీ వెడల్పు సెకనులో ఐదు కోట్ల వంతు. చంద్రుడికైతే రెండున్నర సెకన్ల పైచిలుకు. ఆండ్రోమెడా గెలాక్సీకి మన నుంచి దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు, కాబట్టి కిటికీ 50 లక్షల ఏళ్లు.

భాద్రపదంలో రాత్రి తొలిజామున ఆండ్రోమెడా ఈశాన్యంలో కిందుగా ఉంటుంది. గోపాలపూర్ దగ్గర సముద్రపు ఒడ్డు కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. ఒడ్డు వెంట ఒకరు ఈశాన్యంగా, ఇంకొకరు నైరుతిగా, గంటకు 5.4 కిలోమీటర్ల మామూలు నడకతో ఎదురుపడి పక్కపక్కనుంచి దాటుకున్నారు. ఆ దాటుకున్న క్షణంలో ఆండ్రోమెడాలో 'ఇప్పుడు' ఏ రోజు? ఈశాన్యంగా నడిచేవారి గీత అక్కడికి చేరేసరికి ఒడ్డున కూర్చున్నవారి గీత కంటే నాలుగున్నర రోజులు ముందుకు పోయి ఉంటుంది. నైరుతిగా నడిచేవారిది నాలుగున్నర రోజులు వెనక పడుతుంది. ఇద్దరికీ మధ్య తొమ్మిది రోజులు. వాలు నిజంగా అతి స్వల్పం. 25 లక్షల కాంతి సంవత్సరాల పొడవు సాగేసరికి రోజులకు రోజులు అయింది.

దీన్ని పట్టుకుని 'భవిష్యత్తు ముందే రాసిపెట్టి ఉంది' అని తేల్చేసే తత్త్వవేత్తలున్నారు. ఆండ్రోమెడావాళ్లు మన మీదికి దండెత్తాలా వద్దా అని ఆలోచిస్తున్నారనుకుంటే, నడిచే ఇద్దరిలో ఒకరికి అక్కడ దండయాత్ర బయల్దేరిపోయింది, ఇంకొకరికి ఇంకా తర్జనభర్జనలే జరుగుతున్నాయి, కాబట్టి తర్జనభర్జన ఉత్తిదే అని వాళ్ల వాదన. ఈ వాదన తొందరపాటుదే అనిపిస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఏ ఒక్కదాని కబురూ ఒడ్డున నడిచే ఇద్దరిలో ఎవరికీ ఇంకో 25 లక్షల ఏళ్ల దాకా అందదు. ఎవరూ అక్కడికి కబురు పంపి దాన్ని మార్చలేరు కూడా. 'ఇప్పుడు' గీత మనం కాగితం మీద గీసుకున్న గీత. దాన్ని అవతలి గెలాక్సీ దాకా లాగి, అక్కడ ఏది జరిగిపోయింది ఏది జరగలేదు అని దానితో తీర్పు చెప్పించడం అంటే, ఒడియా పంచాంగంలో కార్తికం వచ్చింది గనుక తెలుగు ఇంట్లో దీపావళి అయిపోయిందని వాదించడమే.

ఆ గీత ఎంత మన చేతిలోదో తెలియాలంటే ఆండ్రోమెడా దాకా పోనక్కర్లేదు. భూమధ్యరేఖ వెంట గడియారాల దండ ఒకటి పెట్టి, ఐన్‌స్టైన్ పద్ధతిలో వెలుగుతో ఒక్కోదాన్నీ పక్కదానితో కలుపుకుంటూ తూర్పుగా పోతే, భూమి చుట్టూ తిరిగి మొదటి గడియారం దగ్గరికే వచ్చేసరికి అది తనతో తానే 207 నానోసెకన్ల తేడాలో ఉంటుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ప్రతి జంట గడియారాల 'ఇప్పుడు' గీతా కొంచెం వాలుతుంది. ఆ వాలులన్నీ కలిసి చివరికి మెట్టు దిగినట్టు అతకకుండా మిగిలిపోతాయి. ఆ 207 నానోసెకన్లలో కాంతి 62 మీటర్లు పోతుంది. ఫోనులో దారి చూపే జీపీఎస్‌కు అది ఒక వీధికీ పక్క వీధికీ ఉన్నంత తప్పు. అందుకే ఆ వ్యవస్థను కట్టినవాళ్లు నేలతో పాటు తిరిగే గడియారాల గీతను వదిలేసి, భూమి కేంద్రంతో పాటు కదులుతూ తాను మాత్రం తిరగని ఒక చట్రాన్ని ఎంచుకుని, దాని 'ఇప్పుడు'నే ఉపగ్రహాలన్నింటికీ ఖాయం చేశారు. 1906లో 82.5 డిగ్రీల రేఖను ఎంచుకున్నట్టే, ఇదీ కూర్చుని మాట్లాడుకుని కుదుర్చుకున్న ఒప్పందమే.